పాటకు క్రొత్త నడక: గద్దరు గానజీవితము



పాట పుట్టుటకు రాగము, తాళము, సాహిత్యము అను మూడును కావలెనని సంగీతజ్ఞులు చెప్పుదురు. పల్లెలో పాట పుట్టుటకు నాలుగవది యొకటి కావలెను. అది పని. నాటు వేయునప్పుడు, కలుపు తీయునప్పుడు, మోట తోలునప్పుడు, వడ్లు దంచునప్పుడు, బిడ్డను ఊయలలో వేసి ఊపునప్పుడు మన పూర్వులు పాడిరి. ఆ పాటలను కట్టినవారి పేర్లు మనకు తెలియవు. పేరు నిలుపుకొనవలెనను కోరిక వారికిని లేకుండెను. పనితోపాటు పుట్టి, పనితోపాటు సాగి, తల్లి నోటినుండి బిడ్డ నోటికి అవి చేరినవి.

అట్టి పాటను చేతబట్టి, దాని నడక చెడనీయక, దానిచేత క్రొత్త మాటలు పలికించి, లక్షలాది జనుల యెదుట నిలువబెట్టిన గాయకుని గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. ఆయన పేరు గుమ్మడి విఠల్ రావు. లోకము పిలిచిన పేరు గద్దరు. 2023 ఆగస్టు 6వ తేదీన హైదరాబాదులో ఆయన కన్నుమూసెను.

ఈ పేరు వినగానే మీలో కొందరికి అభిమానమును, కొందరికి అభ్యంతరమును కలుగవచ్చును. ఆయన చిరకాలము సాయుధ విప్లవమును నమ్మినవారి పక్షమున పాడెను. ఆ పోరులో మన జిల్లా పల్లెలును ఇరువైపుల బిడ్డలను పోగొట్టుకొన్నవి. ఆ దుఃఖమును నేను తక్కువచేసి మాటాడను. ఆ మార్గము యుక్తమా, కాదా యను తర్కమును ఈ ప్రసంగములో చేయబోను. నేను చెప్పదలచినది పాటను గూర్చి. గద్దరు క్రొత్త రాగమును కనిపెట్టలేదు, క్రొత్త తాళమును కల్పించలేదు. పాడువానికిని వినువానికిని నడుమనున్న గోడను తొలగించెను. ఆయన చేసిన నూతన కార్యము ఇదియే. అది యెట్లు సాధ్యమయ్యెనో తెలిసికొన్నయెడల, మన ఇండ్లలో మూలబడియున్న పాటల విలువయు మనకు తెలియును.

గద్దరు మెదకు జిల్లా తూప్రానులో, దళిత కుటుంబమున, 1949లో జన్మించెను. తల్లి లచ్చుమమ్మ, తండ్రి శేషయ్య. ఆయన బాల్యవిద్య మన నిజామాబాదు జిల్లాలో, బోధనులో సాగెను. తరువాత ఇంజనీరింగు చదువుకై హైదరాబాదు చేరెను. బోధను అనగా మనకు మొదట జ్ఞప్తికి వచ్చునది చక్కెర కర్మాగారము. మంజీర నదిపై నిజాంసాగరు నిర్మాణము 1923లో ప్రారంభమై 1931లో ముగిసినది. కాలువ నీరు పారిన నేలలో చెరకు పెరిగినది. ఆ చెరకును ఆడుటకై 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దానిచుట్టు శక్కరునగరు ఏర్పడినది. కర్మాగారపు కూలీలు, బండ్లు తోలువారు, కోస్తా జిల్లాలనుండి వచ్చి క్యాంపులలో స్థిరపడిన రైతులు, సరిహద్దుకు ఆవలనున్న మరాఠీవారు, పట్టణమందలి ఉర్దూవారు, వీరందరి మాటలును పాటలును అచ్చట ఒక్క సంతలో వినవచ్చుచుండెను. అట్టి నేలపై ఒక బాలుడు అక్షరములు నేర్చెను. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు సాగును తగ్గిపోయినది. పాట యొక్క చరిత్రను చెప్పునప్పుడు ఈ సంగతులును చెప్పవలసియున్నది. ఏలయన, పని పోయినచోట పాటయు నిలువదు.

ఇదే బోధను చెంతనున్న అమ్దాపూరు గ్రామమునకు చెందిన మఱియొక మహాకళాకారిణిని ఇచ్చట స్మరింపక తప్పదు. ఆమె చిందుల ఎల్లమ్మ. చిందు భాగవతము ఆమెకు కులవిద్య. పసితనముననే గజ్జె కట్టి, స్త్రీవేషములను పురుషవేషములను ధరించి, ఎల్లమ్మ దేవత వేషమున గ్రామగ్రామమున పూజలందుకొని, 2005లో మరణించువరకు ఆ కళను ఆమె మోసినది. ప్రభుత్వము ఆమెను హంస పురస్కారముతో సత్కరించినది. ఎల్లమ్మకును గద్దరుకును గల భేదమును గమనింపుడు. ఎల్లమ్మ ఒక్క కళారూపమునకు వారసురాలు. దానిని దీపమువలె ఆరకుండ కాపాడినది. గద్దరు ఏ గానవృత్తి కులమునందును పుట్టినవాడు కాడు. ఒగ్గు కథ, వీధి భాగవతము, బుర్రకథ, నాటు పాట, లాలి పాట, ఏడ్పు పాట, వీనిలో ఏదియు ఆయనకు మిరాశిగా రాలేదు. కావుననే ఆయన అన్నిటినుండియు ఎత్తుకొని ఒక్కచోట కలుపగలిగెను. కాపాడువారు లేకున్న ఎత్తుకొనుటకు ఏమియు మిగులదు. ఎత్తుకొని నడిపించువారు లేకున్న కాపాడినది కదలదు. ఒకే ప్రాంతము ఈ యిరువురను ఎరుగుట మన భాగ్యము.

ఇక ఆయన గానము ఆరంభమైన విధము. 1969 తెలంగాణ ఉద్యమకాలమున ఆయన విద్యార్థి. 1971 ప్రాంతమున చిత్రకారుడును చలనచిత్రకారుడునైన బి. నర్సింగరావు నడుపుచుండిన ఆర్టు లవర్సు అసోసియేషనుతో పరిచయము కలిగెను. నర్సింగరావు ప్రోత్సాహమున ఆయన వ్రాసిన తొలిపాట రిక్షా తొక్కువానిని గూర్చినది. తొలి పాటల సంపుటికి ‘గద్దర్’ అని పేరు పెట్టిరి. ఆ పేరే ఆయనకు స్థిరపడెను. ఉర్దూ తెలిసిన పెద్దలు దీనిని ద్రోహియను అర్థముగల ‘గద్దార్’ అను మాటతో కలిపి చూడరాదు. ఇది 1913లో అమెరికాలోని భారతీయులు స్థాపించిన గదర్ పార్టీ పేరునుండి వచ్చినది. గదర్ అనగా తిరుగుబాటు. 1972లో జననాట్యమండలి ఏర్పడినది. దానికి గద్దరు ప్రధాన గాయకుడయ్యెను.

ఈ మార్గమున ఆయన మొదటివాడు కాడు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను దేవతల కథలనుండి రైతుల కథలకు మరల్చినది. గుంటూరు జిల్లా పొన్నెకల్లువాడైన షేక్ నాజరు ఆ కళను ఎంత యెత్తునకు తెచ్చెననగా, 1986లో ఆయనకు పద్మశ్రీ లభించెను. నల్లగొండలో సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులను రైతు పోరాటమునకు వాడెను. ఈ పెద్దలు వేసిన బాటలోనే గద్దరు నడచెను. అయితే వారు నిలిచినచోట నిలువలేదు. వారు ఒక్కొక్క కళారూపమును తీసికొని అందలి కథను మార్చిరి. గద్దరు ఆ రూపముల హద్దులనే చెరపివేసెను. ఆయన ప్రదర్శనమునందు ఇది బుర్రకథ, ఇది ఒగ్గు కథ యని గీటు గీయుటకు వీలులేదు.

ఆయన చేసిన మార్పులను ఒక్కొక్కటిగా చెప్పెదను.

మొదటిది బాణీ. పాట కట్టువాడు సాధారణముగా మాటలు వ్రాసి వరుస వెదకును. గద్దరు వరుసను ముందు పట్టుకొనెను. జనులు ఎరిగిన బాణీయే కావలెననుట ఆయన నియమము. ఎందుకనగా, ఎరిగిన బాణీ చెవిని తాకగానే వినువాడు సగము పాట నేర్చినట్లే. ఇక మిగిలినది మాటలు మాత్రమే. లాలిపాట వరుసలో ఆకలిని గూర్చి పాడినచో, తల్లి ఊపిన ఊయల జ్ఞాపకమును ఆకలి బాధయు ఒక్కసారిగా మనస్సును తాకును. ఏడ్పు పాట వరుసలో చనిపోయిన కొడుకును గూర్చి పాడినచో, ఆ శోకము ఒక్క యింటిది గాక ఊరందరిదగును. బాణీలోనే ఒక తరము జ్ఞాపకము దాగియున్నది. మాట దానిని మేల్కొలుపును.

రెండవది వంత. బతుకమ్మ ఆడు స్త్రీల వలయమును మీరెల్లరు చూచియున్నారు. ముందు పాడు ఆమె అరపాదము పాడి విడుచును. వలయమందలివారు ‘ఉయ్యాలో’ అనియో, ‘వలలో’ అనియో, ‘చందమామ’ అనియో అందుకొందురు. పైకి చూడ ఈ మాటలు పాటకు అలంకారములు మాత్రమే యనిపించును. వీనిలో మూడు ప్రయోజనములు కలవు. ముందు పాడు ఆమెకు ఊపిరి చిక్కును. తరువాతి పాదమును తలంపునకు తెచ్చుకొనుటకో, అప్పటికప్పుడు కట్టుటకో వ్యవధి దొరకును. పాట రానివారుకూడ ఆ యొక్క మాట నేర్చి పాటలో కలియుదురు. గద్దరు ఈ యుపాయమును మైదానమునకు తెచ్చెను. ఆయన పాదముల చివర అన్నా యనియో, అమ్మా యనియో ఒక పిలుపు నిలుచును. ఆ పిలుపును ఇద్దరు ముగ్గురు వంతవారు అందుకొందురు. రెండు చరణములు గడచునప్పటికి ముందు వరుసలోని జనము అందుకొనును. నాలుగు చరణములు గడచునప్పటికి చివరి వరుస అందుకొనును. అప్పుడు పాడువాడెవరు, వినువాడెవరు? ముందు చెప్పిన గోడ ఇట్లు తొలగినది.

మూడవది భాష. నేనిప్పుడు మీ యెదుట చదువుచున్నది పుస్తకభాష. ఇట్టి ప్రసంగమునకు ఇది తగును గాని, ఆయన పాటకు పనికిరాదు. ఆయన పొలము గట్టుమీది మాటను, బాయికాడి మాటను, వాకిట ఊడ్చు తల్లి మాటను అట్లే ఎత్తి పాటలో పెట్టెను. ఆ కాలమున సభలలో, చలనచిత్రములలో, పత్రికలలో తెలంగాణపు పలుకును నవ్వులాటకు వాడువారే మెండు. గద్దరు దానిని వేదికపై నిలిపి గంభీరముగా పాడెను. నవ్వినవారు విని కంటతడి పెట్టిరి. తన పలుకులో అవమానము లేదని పల్లె యువకునకు మొదట చెప్పినది పాఠశాల కాదు, పాట.

నాలుగవది వేషమును వాద్యమును. పంచె మోకాళ్లపైకి కట్టి, భుజముపై గొంగడి వేసికొని, కాళ్లకు గజ్జెలు కట్టి, చేత కర్ర పట్టి ఆయన పాడెను. గొంగడి కురుమలు నేయునది, గొల్లలు కప్పుకొనునది, వానలో ఎండలో రైతునకు తోడైనది. అది వేదికపై కనబడగానే, తమవాడు వచ్చెనని జనులు తలచిరి. ఇక డప్పు. కొయ్య వలయముపై తోలు బిగించి, నిప్పుసెగ చూపి, ఒక చేత చిర్రయు మఱియొక చేత చిటికెన పుల్లయు పట్టి దానిని వాయింతురు. సెగ తగిలినకొలది తోలు బిగిసి గొంతు లేచును. ఊరిలో చావునకు, చాటింపునకు, జాతరకు డప్పు కావలెను. కాని డప్పు కొట్టువాడు మాత్రము వాకిలికి ఆవలనే నిలువవలెను. ఇది మనము ఎరిగిన అన్యాయమే. గద్దరు డప్పును వేదిక నడుమ నిలిపెను. శాస్త్రీయ వాద్యములను ప్రక్కన పెట్టుకొని దానికి గౌరవము అరువు తేలేదు. దాని దరువుకే పాటను నడిపెను. వాద్యము నడుమకు వచ్చినప్పుడు, దానిని కొట్టు మనిషియు నడుమకు వచ్చెను.

అయిదవది ఆట, మాట, పాట అను మూటి కలయిక. ఆయన ఒక్కపాటను ఆరంభించినచో అది ఎప్పుడు ముగియునో చెప్పలేము. చరణము నడుమ ఆగి ఒక కథ చెప్పును. ఎదుట కూర్చున్న ముసలమ్మతో మాటాడును. మఱల గజ్జెతో ఒక అడుగు వేసి పల్లవి అందుకొనును. మన హరిదాసులు పిట్టకథ చెప్పి కీర్తనకు మరలునట్లే యిది. అచ్చులో ఇరువది పంక్తులున్న పాట సభలో గంటసేపు సాగవచ్చును. ఆ ఊరి సంగతి, ఆనాటి సంగతి అందులోనికి వచ్చి చేరును. కావున ఆయన పాట వ్రాతలో నున్నంతవరకు విత్తనము మాత్రమే; సభలో అది చెట్టగును.

ఇట్టి గాయకుని జీవితయాత్ర సుఖముగా సాగలేదు. 1975లో కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరెను. 1979లో వచ్చిన ‘మా భూమి’ చలనచిత్రములో ఆయన స్వయముగా తెరపై కనిపించి, తెలంగాణ రైతాంగ పోరాటకాలమున బండి యాదగిరి కట్టిన పాటను పాడెను. ఆ చిత్రమునకు దర్శకుడు గౌతమ్ ఘోష్; నిర్మాతలలో నర్సింగరావు ఒకరు. ఒక తరము వెనుకటి పాట ఆయన గొంతుద్వారా తరువాతి తరమున ఇంటింటికి చేరెను. ఆ పాటను గద్దరే కట్టెనని నేటికిని తలచువారు కలరు. కట్టినది యాదగిరి యని చెప్పుట మన ధర్మము.

1984లో ఆయన బ్యాంకు ఉద్యోగమును విడిచెను. 1985 జులైలో ప్రకాశము జిల్లా కారంచేడులో దళితులపై ఘోరమైన దాడి జరిగెను. దానికి వ్యతిరేకముగా జరిగిన ఆందోళనలో పాల్గొన్న పిమ్మట పోలీసుల ఒత్తిడి హెచ్చి ఆయన అజ్ఞాతవాసమునకు పోయెను. 1990లో వెలుపలికి వచ్చినప్పుడు హైదరాబాదు నిజాం కళాశాల మైదానమున జరిగిన సభకు జనము సముద్రమువలె వచ్చెను. అయిదేండ్లు కనబడని గాయకుని జనులు మరవలేదు. కారణము స్పష్టము. ఆయన లేకున్నను ఆయన పాట క్యాసెట్లలోను, కూలీల నోళ్లలోను తిరుగుచునేయుండెను.

1997 ఏప్రిల్ 6వ తేదీన గుర్తు తెలియని దుండగులు ఆయన ఇంటియొద్ద తుపాకులతో కాల్చిరి. ప్రాణము దక్కెను గాని, ఒక తూటా వెన్నెముక చెంత నిలిచిపోయెను. దానిని తీయుట అపాయకరమని వైద్యులు విడిచిరి. ఆ తూటాను శరీరమున మోయుచు ఆయన మఱి యిరువదియారేండ్లు బ్రతికెను, గజ్జె కట్టెను, పాడెను. 2004లో ప్రభుత్వమునకును నక్సలైట్లకును చర్చలు జరిగినప్పుడు రాయబారము వహించినవారిలో ఆయన ఒకరు.

చలనచిత్రములు ఆయనను పలుమారులు పిలిచినవి. 1995లో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’లో అన్నాచెల్లెండ్ర అనుబంధముపై ఆయన వ్రాసిన పాటకు నంది పురస్కారము రాగా, ఆయన స్వీకరించలేదు. 2011లో వచ్చిన ‘జై బోలో తెలంగాణ’లో ఆయన పాడిన పాటకు ఉత్తమ గాయకునిగా నంది ప్రకటించిరి. ఆ నాటికి తెలంగాణ రాష్ట్రోద్యమము ఉచ్చస్థితిలో నుండెను. ఆ ఉద్యమమునకు పాట ఎంత బలమైనదో చెప్పుటకు మన యొద్దనే నిదర్శనము కలదు. ధూంధాం అను ఆటపాటల సభ 2002లో అప్పటి నిజామాబాదు జిల్లాలోని కామారెడ్డిలోనే మొదలయ్యెను. అందు పాడిన యువకులలో గద్దరు పాటలు వినుచు పెరిగినవారు అనేకులు. గొంగడి, గజ్జె, డప్పు, ఊరి పలుకు, వంత, ఇవన్నియు వారికి అప్పటికే సిద్ధమైన పనిముట్లుగా నుండెను.

చివరి సంవత్సరములలో ఆయన మార్గమును మార్చుకొనెను. తుపాకి పక్షమును విడిచి, అంబేద్కరును రాజ్యాంగమును గూర్చి పాడుచు తిరిగెను. 2018 డిసెంబరులో తన జీవితమున మొదటిసారి ఓటు వేసెను. పాతవారిలో కొందరు దీనిని నిందించిరి, కొందరు మెచ్చుకొనిరి. మరణించిన పిమ్మట ప్రభుత్వ లాంఛనములతో, ఆల్వాలులో తాను స్థాపించిన మహాబోధి విద్యాలయము ఆవరణముననే ఆయనను ఖననము చేసిరి. తెలంగాణ ప్రభుత్వము చలనచిత్ర పురస్కారములకు ఆయన పేరు పెట్టి, 2025 జూనులో మొదటిసారి ప్రదానము చేసినది. ఒకనాడు నందిని తిరస్కరించిన వాని పేరుననే నేడు పురస్కారములు ఇచ్చుచున్నారు.

ప్రాచీనమైన గానమును తీసికొని క్రొత్త మార్గమున నడిపినవారికి అన్ని దేశములలోను ఇట్టి నిందాస్తుతులే లభించినవి. ఒక్క ఉదాహరణము చెప్పెదను. స్పెయిను దేశపు దక్షిణభాగమున ఫ్లామెంకో యను గానమున్నది. దానిని పెంచి పోషించినవారిలో ముఖ్యులు హితానోలు అను జాతివారు. వారి పూర్వులు శతాబ్దములకు ముందు మన వాయవ్య భారతమునుండి వలసపోయినవారని పండితులు నిర్ణయించిరి. చప్పట్లు, మడమల తాడనము, గిటారు, గుండె చీల్చుకొని వచ్చు గొంతు, ఇవి ఆ గానమునకు ప్రాణములు. 1942లో గ్రనాదా నగరమున పుట్టిన ఎన్రికే మొరెంతే యను గాయకుడు, ఆ జాతివాడు కాకున్నను, వృద్ధ గాయకుల పాదములకడ కూర్చుండి పాత బాణీలన్నియు నేర్చెను. నేర్చిన పిమ్మట, నియంత ఫ్రాంకో ఏలుబడిలో, చెరసాలలో మరణించిన కవి మిగెల్ ఎర్నాందెస్ కవితలను 1971లో ఆ బాణీలలో పాడెను. 1996లో విద్యుద్వాద్యములు వాయించు యువకుల బృందముతో చేరి ‘ఒమేగా’ యను గ్రామఫోను సంపుటిని వెలువరించెను. సంప్రదాయజ్ఞులు మండిపడిరి. 2010లో ఆయన మరణించునాటికి అదే సంపుటి ఫ్లామెంకో చరిత్రలో ఒక మైలురాయిగా పేరొందినది. ఆ గాయకునకును మన గద్దరుకును మతము వేరు, మార్గము వేరు. అయినను ఒక్క పోలిక కలదు. ఇరువురును వారసత్వముగా రాని విద్యను ప్రేమతో నేర్చిరి. పాతది లోతుగా ఎరిగిన పిదపనే క్రొత్తదానిని పలికిరి. పునాది లేని క్రొత్తదనము ఒక యేడు వినబడి మరుగున పడును. పునాదిగల క్రొత్తదనము తానే పునాదియగును.

గద్దరుపై వచ్చు ఆక్షేపణలలో కళకు సంబంధించినవి రెండు. మొదటిది, పవిత్రమైన పాత బాణీలను రాజకీయమునకు వాడి మలినపరచెననుట. దీనికి నా సమాధానమిది. మన పాత పాటలు కేవలము పూజకై పుట్టినవి కావు. దొర ఇంటి వెట్టిని, అత్తవారింటి ఆరడిని, కరువును మన తల్లులు పాటలలోనే చెప్పుకొనిరి. గద్దరు చేసినది ఆ చెప్పుకొనుటను బిగ్గరగా చేయుట. రెండవ ఆక్షేపణ బరువైనది. ఒక్క గాయకుని ముద్ర అంత గట్టిగా పడుటచేత, తరువాతివారందరు గొంగడి వేసికొని అదే గొంతుతో పాడసాగిరి. ఊరూర నుండిన భేదములు చెరిగిపోయినవి. ఇది నిజము. వేదికలపై నేడు వినబడు అనేక పాటలలో గద్దరు అరుపు వినవచ్చును గాని, ఆయన వినికిడి కనబడదు. ఆయన గొప్పతనము గొంతులో ఎంత కలదో చెవిలోను అంత కలదు. ముసలమ్మల పాటలను ఓపికతో విని పట్టుకొనిన చెవి అది. అరుపును అనుకరించుట సులభము. చెవిని అనుకరించుట శ్రమ.

పెద్దలారా, ఇచ్చటనే ఈ విషయము మీ వాకిటికి వచ్చుచున్నది. నాటు వేయుటకు యంత్రములు వచ్చినవి. కలుపునకు మందులు వచ్చినవి. వరికోత యంత్రము ఒక పూటలో చేను ఊడ్చివేయుచున్నది. శ్రమ తగ్గినందుకు సంతోషింపవలసినదే. వంగిన నడుముల బాధ పాటచేత తీరలేదు, యంత్రముచేత తీరినది. కాని పనితో పుట్టిన పాట పనితోపాటు పోవుచున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిరుదురాజు రామరాజుగారు 1956లో జానపద గేయములపై పరిశోధనచేసి పట్టము పొందిరి. వారు ఊరూర తిరిగి పాటలు సేకరించిన కాలమున పాడువారు ప్రతి గడపయందును ఉండిరి. నేడు ఒక్కొక్క గ్రామమున నాటు పాటలు వరుసగా పది పాడగలవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వారు డెబ్బది యెనుబది యేండ్ల వృద్ధులు. వారితోపాటు ఆ బాణీలును పోయినచో, రేపు పుట్టబోవు గాయకుడు దేనిని పట్టుకొని క్రొత్త మాట పలుకును?

కావున నాదొక చిన్న మనవి. మీ మనుమల చేతులలో నేడు చేతిఫోనులున్నవి. ఏ వ్యయము లేకయే అవి గొంతును పట్టి దాచగలవు. మీ ఊరిలో పాత పాట వచ్చిన తల్లిని కూర్చుండబెట్టి, ఆమె పాడుచుండగా పిల్లలచేత దానిని పట్టింపుడు. ఆమె పేరు, ఊరు, ఆ పాట ఏ పనిలో పాడుదురో ఆమె నోటనే మొదట చెప్పింపుడు. బాణీ అసంపూర్ణముగా నున్నను, మాటలు మరచినను విడువకుడు, తునుకయు విత్తనమే. చిందువారు, ఒగ్గువారు, డప్పువారు మీ ఊరిలో నున్నచో వారిని పండుగనాడు వాకిలికి ఆవల గాక నడి వాకిట నిలిపి ఆడింపుడు, పాడింపుడు. వారి పిల్లలచేతనే గాక మీ పిల్లలచేతను నేర్పింపుడు.

గద్దరు మార్గమును మెచ్చినవారును మెచ్చనివారును ఒక్క సంగతిని కాదనలేరు. పేరులేని తల్లుల పాట ఎంత దూరము పోగలదో ఆయన చూపెను. ఆ తల్లులు ఇంకను మన ఇండ్లలో నున్నారు. వారు పాడగలిగిన ఈ కొద్ది కాలముననే మనము వినవలెను.

సెలవు.